ఏరువాకనాటికి ఇంట నిలువ యెంత?

రోహిణి కార్తె యెండలు ముగిసి మృగశిర ప్రవేశించగానే పల్లెలలో పనులన్నియు ఒక్కసారిగా మొదలగును. తొలకరి జల్లు పడిన మరునాడే విత్తనములు కావలెను. వెనువెంటనే ఎరువులు కావలెను. దుక్కికి ట్రాక్టరు బాడుగ ఇయ్యవలెను. ఇంచుమించు ఆ దినములలోనే బడులు తెరచుదురు. పుస్తకములు, దుస్తులు, రుసుములు, పట్నమున చదువుచున్న పిల్లకు హాస్టలు సొమ్ము – ఇవన్నియు ఆ పది పదునైదు దినములలోనే యెదురు వచ్చును. ఇంటికి వచ్చునది మాత్రము ఏమియు ఉండదు. సార్వా ధాన్యపు సొమ్ము సంక్రాంతినాటికి, దాళ్వా లేక యాసంగి ధాన్యపు సొమ్ము వైశాఖమునాటికి వచ్చి, చాలవరకు వచ్చిన త్రోవనే వెడలిపోయి యుండును.

కావున ఒక కుటుంబము తన ధనమును చక్కగా నడుపుకొనుచున్నదా లేదా యని తెలిసికొనవలెనన్న, ఆ యింటివారికి ఎన్ని యెకరములు కలవని గాని, కల్లములో ఎన్ని బస్తాలు పడినవని గాని అడిగి ప్రయోజనము లేదు. ఏరువాకనాటికి ఇంట నిలువ యెంత యని అడుగవలెను. కల్లములో ధాన్యము రాశిగా నున్ననాడు అందరును శ్రీమంతులే. తొలకరినాడు విత్తనమునకు ఒకరి గుమ్మము తొక్కనివాడే ధనమును పాలించుట నేర్చినవాడు.

ఇది చిన్న విషయము కాదు. కేంద్ర ప్రభుత్వమువారు 2019లో వ్యవసాయ కుటుంబముల స్థితిగతులపై జరిపించిన నమూనా పరిశీలనలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబములు, తెలంగాణములో నూటికి 92 కుటుంబములు అప్పులో నున్నట్లు తేలినది. దేశము మొత్తము మీద ఇది నూటికి 50 మాత్రమే. కుటుంబమునకు సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు. తెలంగాణములో 1,52,113 రూపాయలు. దేశ సగటు 74,121 రూపాయలు. ఈ అప్పులో పంటకై తెచ్చినది కలదు. వర్షాభావము వలన, ధర పడిపోవుట వలన మిగిలిపోయినది కలదు. దానినంతటిని రైతు దుబారాకు అంటగట్టుట అన్యాయము. కాని అలవాట్ల వలన పెరిగిన భాగమును కొంత కలదు. మన చేతిలో నున్నది ఆ భాగమే గనుక దానిని గూర్చియే ఇక్కడ ముచ్చటింతము.

ఒకే వీధిలో రెండు ఇండ్లు ఉన్నవనుకొందము. రెండింటికిని మూడేసి యెకరముల మాగాణి, రెండేసి పాడి గేదెలు. రెండిండ్లకును సంక్రాంతినాటికి ధాన్యము అమ్మగా 1,50,000 రూపాయలు చేతికి వచ్చినవి. ఇరువురును 60,000 రూపాయల వంతున పంట ఋణము తెచ్చినవారే. మొదటి యింటి యజమాని సొమ్ము వచ్చిన ఆ వారముననే కూర్చుండి దానిని విడదీసెను. బ్యాంకు అప్పునకు వడ్డీతో 62,400 రూపాయలు. తొలకరి విత్తనమునకు, ఎరువునకు 20,000. బడి ఖర్చునకు 15,000. ఇవి పోగా మిగిలినది 52,600. దానిని ఆరు నెలలకు పంచినచో నెలకు 8,700 పైచిలుకు వచ్చును. పాల డబ్బు దీనికి తోడు. ఇంతలో ఇల్లు గడువవలెనని ఇల్లాలికిని పెద్ద కుమారునకును చెప్పి, విత్తనపు సొమ్మును బడి సొమ్మును ఇంటిలో నుంచక బ్యాంకులో వేసెను.

రెండవ యింటివాడు దుర్వ్యసనపరుడు కాడు. పనిలో మొదటివానికి తీసిపోవువాడును కాడు. కాని అతడు విడదీయలేదు. చేతిలో లక్షన్నర కనబడుచుండగా మోటారు సైకిలునకు 40,000 కట్టుట పెద్దగా తోచలేదు. పిల్లవాని పుట్టువెండ్రుకల వేడుకకు 25,000 అయినది. తక్కినది బంధువుల రాకపోకలలోను, పాత బాకీలలోను కొంచెము కొంచెముగా కరగినది. బ్యాంకు గడువు దాటినది. మృగశిరనాటికి అతడు నూటికి రెండు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చెను. జూను మొదలు డిసెంబరు వరకు ఏడు నెలలకు వడ్డీయే 8,400 రూపాయలు. మొదటివానికి ఈ ఖర్చు లేనే లేదు. భూమి ఒక్కటే, పంట ఒక్కటే, ధర ఒక్కటే. సొమ్ము వచ్చిన వారమున ఒక గంటసేపు కూర్చుండి విడదీయుటయే భేదము. ఖర్చు పెట్టగా మిగిలినది దాచుదమనుకొన్న యింట మిగులునది అరుదు. దాచవలసినది ముందు దాచి, మిగిలినదానితో గడుపుకొనుటయే పని జరుగు పద్ధతి.

లెక్క పుస్తకము

గ్రామ పంచాయతీలో ఒక్క రూపాయి వచ్చినను రసీదు వ్రాయుదురు; పోయినను వోచరు ఉండవలెను; నగదు పుస్తకములో ఎక్కవలెను. 2020 నుండి ఈ లెక్కలు ఈ-గ్రామస్వరాజ్ ద్వారమునను ఎక్కుచున్నవి. పంచాయతీ సొమ్మునకు ఇంత జాగ్రత్త పడు సభ్యుని యింట తన సొమ్మునకు ఒక కాగితపు ముక్కయైనను ఉండదు. అడిగినచో “లెక్క యంతయు మనసులోనే యున్నది” అందురు. మనసులో పెద్ద మొత్తములు నిలుచును గాని చిన్నవి నిలువవు. సంసారములో నీరు కారునది చిన్న రంధ్రములనుండియే.

దినమునకు 30 రూపాయలు టీకి, బీడీకి, పట్నపు బస్టాండులో చిల్లర ఖర్చునకు పోవుచున్నవనుకొందము. సంవత్సరమునకు 10,950 రూపాయలు. నూటికి రెండు వంతున 45,000 రూపాయల అప్పునకు ఏడాది వడ్డీ 10,800. రెండును ఇంచుమించు సమానమే. టీ త్రాగవద్దని మేము చెప్పుట లేదు. ఆ మాట చెప్పినచో మా కార్యాలయమువారే మమ్ము మెచ్చరు. టీకి ఎంత పోవుచున్నదో ఎరుగవలెనని మాత్రము చెప్పుచున్నాము. ఈ దినములలో ఫోనుతో చెల్లించుట పెరిగినందున చేయి జేబులోనికి పోవుచున్న స్పృహయే తగ్గినది. కాని ఫోను చెల్లింపులో ఒక మేలు కలదు: ప్రతి చెల్లింపునకును గుర్తు మిగులును. నెలకొకసారి బ్యాంకు పాసుపుస్తకము ముద్రింపించుకొని చూచినచో సగము లెక్క అందులోనే దొరకును.

వర్తకులవలె చిట్టా, ఆవర్జాలు పెట్టనక్కరలేదు. నలుబది పుటల బడి నోటు పుస్తకము చాలును. ఎడమ వైపు వచ్చినది, కుడి వైపు పోయినది. ఏడవ తరగతి చదువు బాలిక రాత్రి అన్నమునకు ముందు అయిదు నిమిషములలో వ్రాయగలదు. ఇంటి లెక్క పిల్ల చేతితో వ్రాయించుటలో మరియొక ప్రయోజనము కలదు: పిల్ల అడుగును. “ఈ అయిదువందలు ఎందులకు నాన్నా?” యని కూతురు అడిగినచో తండ్రి జవాబు చెప్పవలసి వచ్చును.

నూటికి రెండు రూపాయలు

పల్లెలో వడ్డీని నెలకు నూటికి ఇంతయని చెప్పుకొందురు. “నూటికి రెండే కదా” యన్న మాట చెవికి ఎంతయు తేలికగా నుండును. బ్యాంకువారు వడ్డీని సంవత్సరమునకు చెప్పుదురు. ఈ రెండు లెక్కలను ఒకే కొలతలోనికి తెచ్చుట నేర్వనివాడు ఎప్పుడును మోసపోవును. నెలకు నూటికి రెండనగా సంవత్సరమునకు నూటికి 24. నూటికి మూడనగా 36.

అంతటితో పోదు. ఏడాది చివర వడ్డీ చెల్లించలేనివాడు వడ్డీని అసలుతో కలిపి నోటు తిరుగ వ్రాయును. 10,000 రూపాయలు నూటికి రెండు వంతున తెచ్చి ఇట్లు తిరుగ వ్రాసినచో, మొదటి ఏడు తిరుగునప్పటికి 12,400. రెండవ ఏడు 15,376. మూడవ ఏడు 19,066 రూపాయలగును. నూటికి మూడు వంతునైనచో మూడవ ఏటికి 25,154. తెచ్చినది పదివేలే. బారువడ్డీకి చక్రవడ్డీకి భేదము అప్పు తీర్చునాడు గాక తెచ్చునాడే తెలిసియుండవలెను.

పంట ఋణము సంగతి చూడుడు. కిసాన్ క్రెడిట్ కార్డు పద్ధతి 1998లో వచ్చినది. దీనిపై 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ సంవత్సరమునకు నూటికి 7. గడువులోగా చెల్లించినవారికి 3 తగ్గింపు లభించును. అనగా 4 మాత్రమే. 50,000 రూపాయలకు ఏడాదికి 2,000. అదే సొమ్ము నూటికి రెండు వంతున వెలుపల తెచ్చినచో 12,000. ఒక్క యేటిలో పదివేల భేదము. గడువు తేదీ గోడ మీద క్యాలెండరులో ఎఱ్ఱ సిరాతో గుర్తింపబడియున్న యిల్లు మాకు కనబడినచో, ఆ యింటివారు ధనము విలువ యెరిగినవారని వెంటనే చెప్పుదుము.

ఇక్కడ ఒక దురలవాటును గూర్చి కూడ చెప్పవలెను. గడువు సమీపించినపుడు చేతిలో సొమ్ము లేక, వడ్డీ వ్యాపారివద్ద పది దినములకని లక్ష రూపాయలు తెచ్చి బ్యాంకులో కట్టి, ఋణము తిరిగి మంజూరు కాగానే ఆ సొమ్ము వ్యాపారికి ఇచ్చువారు పెక్కుమంది కలరు. వ్యాపారి పది దినములకైనను నెల వడ్డీ పుచ్చుకొనును. నూటికి మూడు వంతున లక్షకు 3,000 రూపాయలు. గడువులోగా కట్టినందులకు రైతునకు లభించు తగ్గింపు కూడ లక్షకు ఏడాదికి 3,000 రూపాయలే. ప్రభుత్వమువారు రైతునకు ఇచ్చిన సొమ్ము రైతు చేతిమీదుగా వ్యాపారి పెట్టెలోనికి చేరుచున్నదన్న మాట. రైతునకు మిగిలినది బ్యాంకునకు తిరిగిన శ్రమ.

అప్పులలో ఇంటికి తిరిగి వచ్చునది, రానిది అని రెండు విధములు కలవు. గేదెను కొన్న అప్పును గేదె తీర్చును. పెండ్లి భోజనముల అప్పును ఎవరు తీర్చుదురు? గొట్టపు బావి అప్పు ఈ రెంటికిని నడుమ నున్నది. నీరు పడినచో మొదటిది, పడనిచో రెండవది. రాయలసీమలోను, తెలంగాణపు మెట్ట ప్రాంతములలోను ఈ జూదము వలన చితికిన కుటుంబములను గూర్చి సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

సభ్యుని సంతకము

పంచాయతీ సభ్యుడు గ్రామములో చదువరియని, పెద్దమనిషియని నోట్ల మీద సంతకమునకు అతనినే పిలుచుదురు. కావున ఈ భాగమును సభ్యులు కొంచెము నిదానించి చదువవలెనని కోరుచున్నాము.

సాక్షి సంతకము వేరు, జామీను సంతకము వేరు. అప్పు పుచ్చుకొన్నవాడు నా యెదుట సంతకము చేసెనని చెప్పుటయే సాక్షి పని. అప్పు చెల్లించు బాధ్యత అతనికి లేదు. జామీనుదారు సంగతి అట్లు కాదు. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒడంబడికలో వేరుగా వ్రాసికొననిచో, జామీనుదారు బాధ్యత అప్పు తెచ్చినవాని బాధ్యతతో సమానమైనది. ముందు అతనిని అడిగి, అతడు ఇయ్యనిచో నన్ను అడుగుడని చెప్పుటకు వీలులేదు. “పేరునకు ఒక సంతకమే కదా మామా” యని మేనల్లుడు వచ్చినపుడు, అతని అప్పును నేను కట్టగలనా యని ప్రశ్నించుకొని మరి సంతకము చేయవలెను. కట్టగలిగిన మొత్తమునకే జామీను నిలుచువాడు, కట్టలేని దానికి మొగమాటము లేక కాదనువాడు తన యింటిని కాపాడుకొనువాడు.

ఖాళీ నోటు మీద సంతకము ఎవ్వరును చేయరాదు. స్టాంపు అంటించి, మొత్తము వ్రాయక, సంతకము మాత్రము చేసి యిచ్చిన కాగితమును పూర్తిచేసికొను అధికారమును, ఆ స్టాంపునకు తగిన మొత్తము వరకు, పుచ్చుకొన్నవానికి 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టమే ఇచ్చుచున్నది. ఖాళీ చెక్కు ఇయ్యుట కూడ ఇట్టి ప్రమాదమే; అది చెల్లక తిరిగివచ్చినచో క్రిమినలు కేసు వరకు పోవచ్చును.

అప్పు తీర్చునపుడు చేయు పొరపాటు అప్పు తెచ్చునపుడు చేయు పొరపాటుకన్న బాధాకరమైనది. పదివేలు కట్టినచో నోటు వెనుక తేదీతో సహా చెల్లు వ్రాయింపవలెను. పూర్తిగా తీర్చిననాడు నోటు చేతికి పుచ్చుకొనవలెను. “నోటు బీరువాలో ఎక్కడనో యున్నది, రేపు వచ్చి తీసికొనుము” అన్నచో, ఆ రేపటి వరకు సొమ్ము కూడ ఆగవచ్చును. నమ్మకము లేక కాదు. ఇచ్చినవాడు కాలము చేసినచో అతని కుమారునకు కనబడునది నోటే గాని మీరు చెల్లించిన సొమ్ము కాదు. కోరినపుడు చెల్లించు నోటునకు కాలపరిమితి వ్రాసిన తేదీనుండి మూడు సంవత్సరములు. ఆ లోపున చెల్లు వ్రాసి సంతకము చేసినచో అప్పటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. ఇది ఇరువైపులవారును ఎరుగవలసిన సంగతి.

దాచు చోటు

పోస్టాఫీసు పొదుపు బ్యాంకు మన దేశములో 1882 నుండి కలదు. నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టి అయిదేండ్లు కట్టు ఖాతా అచ్చట తెరువవచ్చును. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. సహకార బ్యాంకులకును ఇది వర్తించును గాని, గ్రామములోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘమునకు వర్తింపదు. సంఘములో సొమ్ము వేయరాదని దీని అర్థము కాదు. సంఘపు లెక్కలను సభ్యులు స్వయముగా చూచుకొనవలెనని అర్థము.

చీటీలను గూర్చి చెప్పక విడిచినచో పాఠకులు ఊరకుండరు. ఇరువదిమంది నెలకు వెయ్యి రూపాయల వంతున ఇరువది వేల చీటీ వేసినారనుకొందము. మొదటి నెలలో అవసరము కలవాడు 5,000 తగ్గించి పాట పాడి 15,000 పుచ్చుకొనెను. ఆ 5,000లో నిర్వాహకుని కమీషను 1,000 పోగా తక్కిన 4,000 ఇరువదిమందికి 200 వంతున వచ్చును. పాడుకొన్నవాడు 15,000 వాడుకొని, మిగిలిన పందొమ్మిది నెలలును కట్టవలెను. అతనికిది అప్పు, చివరి వరకు ఆగినవానికిది పొదుపు. తాను ఏ పక్షమున నున్నాడో ఎరిగి చేరినచో చీటీ చెడ్డది కాదు. కాని 1982వ సంవత్సరపు చిట్ ఫండ్ల చట్టము ప్రకారము ప్రభుత్వపు ముందస్తు అనుమతియు, రిజిస్ట్రేషనును లేని చీటీలో, నిర్వాహకుడు ఊరు విడిచిననాడు మీ చేతిలో ఏమియు మిగులదు. ఏడాదిలో సొమ్ము రెట్టింపు చేయుదుమని సంచి తగిలించుకొని వచ్చువారిని గూర్చి వేరుగా చెప్పనేల? అనుమతి లేని డిపాజిట్ల సేకరణను 2019వ సంవత్సరపు చట్టము నిషేధించినది. అట్టివారు గ్రామమున దిగినపుడు సభ్యుని యింటికే మొదట వత్తురు. సభ్యుడు చేరెనని చెప్పి తక్కినవారిని చేర్పింతురు.

చిన్న మొత్తముల శక్తి మన స్త్రీలు చూపినంతగా వేరెవ్వరును చూపలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమము వ్యాపించగా, 1993లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించినది. సారా దుకాణమునకు పోవు సొమ్ములో నుండి దినమునకు ఒక్క రూపాయి మిగిల్చి ఆ జిల్లా స్త్రీలు ‘పొదుపులక్ష్మి’ సంఘములుగా ఏర్పడిరి. నెలకు మనిషికి ముప్పది రూపాయలు. నేటి స్వయం సహాయక సంఘములకు మన ప్రాంతమున అది గట్టి పునాది యైనది. ఆ సంఘపు పుస్తకము వ్రాయు ఇల్లాలే ఇంటి లెక్కయు వ్రాసినచో ఏమి కొరత? ఆమెకు తెలియని అప్పు ఇంట నుండరాదు. నోట్లు, పాసుపుస్తకములు, పట్టాదారు పుస్తకము, బీమా కాగితములు ఎచ్చట నున్నవో భార్యాభర్తలిరువురును ఎరిగియుండవలెను. ఖాతాలో నామినీ పేరు వ్రాయించియుండవలెను.

బీమా విషయమున ఒక చిన్న సంగతి కలదు. బ్యాంకు ఖాతా గలవారికి ప్రధానమంత్రి సురక్షా బీమా 18 మొదలు 70 ఏండ్ల వారికి, జీవన జ్యోతి బీమా 18 మొదలు 50 ఏండ్ల లోపున చేరువారికి లభించును. 2022 జూను నుండి మొదటిదానికి ఏడాదికి 20 రూపాయలు, రెండవదానికి 436 రూపాయలు. మొదటిది ప్రమాద మరణమునకు, రెండవది ఏ కారణము వలన నైన మరణమునకు 2 లక్షల రూపాయల వంతున ఇచ్చును. బీమా సంవత్సరము జూను 1న మొదలగును. సొమ్మును బ్యాంకువారు మే నెల చివరి వారమున ఖాతానుండి తీసికొందురు. ఆనాడు ఖాతాలో సొమ్ము లేనిచో బీమా ఆగిపోవును. అది సరిగా రోహిణి కార్తె మొదలగు వారము; ఇంటి ఖాతాలు అడుగంటియుండు కాలము. మే 20వ తేదీనాటికి ప్రతి ఖాతాలోను 456 రూపాయలు నిలువయుండునట్లు చూచుకొనుడని పంచాయతీవారు దండోరా వేయించినచో, ఖర్చు ఒక దినపు డప్పు కూలి.